కదలనిచోట నీలం

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఆ వెంటనే "నువ్వు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను" అని రాయాలి. ప్రతి ఉత్తరంలోనూ ఆ వాక్యం నా ప్రమేయం లేకుండానే కాగితం మీదకి వచ్చేసేది. ఈసారి కలం అక్కడే ఆగిపోయింది. తలవడం లేదమ్మా, అడుగుతున్నాను. నువ్వు క్షేమమేనా?

"ఫోన్లో అడగొచ్చుగా, ఇంత కాగితం ఎందుకు పాడుచేశావు?" అంటావు. ఫోన్లో నువ్వు దొరకవు. ఏదైనా గట్టిగా అడిగితే "సరే గానీ, తిన్నావా?" అంటావు. నేను వెర్రిదానిలా తిన్నదంతా ఏకరువు పెడతాను. ఫోను పెట్టేశాక గానీ నా ప్రశ్న నా చేతిలోనే మిగిలిపోయిందని తెలియదు. కాగితం మీద అడిగితే అలా కాదు. నువ్వు దాన్ని తీసి పక్కన పెట్టినా, మళ్ళీ వచ్చి చూసేసరికి ప్రశ్న అక్కడే కూర్చుని ఉంటుంది.

నాకు నీ మీద అనుమానంగా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు, అది నీ ఒంటికి సంబంధించింది. ఎలా తెలిసిందో చెప్పాలంటే మాత్రం కాస్త వెనక నుంచి రావాలి. ఎందుకంటే ఆ అనుమానం మా ల్యాబులో పుట్టింది. పుట్టినప్పుడు నీ మీద కాదు, ఇంకొకరి మీద.

ముందు నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు రాస్తాను, లేకపోతే అడిగినవాటికి చెప్పకుండా ఎదురు ప్రశ్నలేమిటని కోప్పడతావు.

తింటున్నాను. హాస్టల్ వంటావిడ నేను పుస్తకం పట్టుకుని భోజనానికి వస్తే ఊరుకోవడం లేదు. "అక్షరాలు తర్వాత నములుదువుగానీ, ముందు ముద్ద నములు" అంటోంది. ఆ మాట నాకు భలే నచ్చి గోడ మీద రాసుకున్నాను. గదిలో నాతో ఉండే పిల్ల అది చూసి, "నీకు తిట్లు కూడా కవిత్వంలా వినిపిస్తాయేమిటే" అంది.

కొత్త దుప్పటి వెచ్చగానే ఉంది. దగ్గు తగ్గింది. ఇంగ్లీషు మాటలు తగ్గించి రాయమన్నావు, ప్రయత్నిస్తున్నాను. నువ్వు ఇన్నేళ్ళుగా ప్రెస్సులో కుట్టిన పుస్తకాలు నేను ఇప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఒక్కో మాట ఎంత బాగుంటుందమ్మా! చిన్నప్పుడు నువ్వు చెడిపోయిన కాగితాలు తెచ్చి ఇస్తే వెనకవైపు బొమ్మలు వేసేదాన్ని. ముందువైపు చదవాలని అప్పుడు తోచలేదు.

"ఆ పిసినారి ఎవరు? నీ ఉత్తరాల్లో వాడి ఊసు ఎక్కువైంది" అని అడిగావు. ఆ కాగితం వాసన చూస్తేనే నీ అనుమానం తెలిసిపోయింది. పిసినారి మా ల్యాబులో సీనియరు. డబ్బు విషయంలో ఎలాంటివాడో నాకు తెలియదు గానీ, వీడియోల విషయంలో మాత్రం వట్టి గోడ మీద నాలుగు బిట్లు, అంటే వీడియో దాచడానికి పట్టే జాగా, ఎక్కువ ఖర్చయితే అతనికి కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఆ పేరు. నేను అతన్ని "అన్నా" అని పిలుస్తాను. ఇంకా రుజువు కావాలంటే ఈ ఉత్తరంలోనే కాస్త కిందకి వెళ్ళాక దొరుకుతుంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "అసలు రోజంతా ఏం చేస్తావే? వీడియోలు చూడటానికి కాలేజీ ఎందుకు?"

నీ ప్రెస్సు భాషలో చెబుతాను. ఒక పుస్తకంలో ప్రతి పేజీ ముందు పేజీలాగే ఉండి, ఒకటి రెండు మాటలు మాత్రమే మారుతున్నాయనుకో. ప్రతి పేజీనీ మళ్ళీ మొత్తం అచ్చువేస్తారా? మొదటి పేజీ నిండుగా వేసి, తర్వాతివాటికి "ఫలానా చోట ఈ మాట మారింది, మిగతాదంతా మామూలే" అని చీటీ అతికిస్తే సరిపోతుంది. వీడియో కూడా అంతే. కదిలినట్టు కనిపించేది నిజానికి వరసగా పేర్చిన ఫొటోలు. మనిషి మాట్లాడుతుంటే పెదాలు మారతాయి, వెనకున్న గోడ మారదు. మారినచోట ఏం మారిందో రాసుకుని, మారనిచోట "మామూలే" అని వదిలేయడమే మా టూలు చేసే పని. దాన్ని ఎన్‌కోడ్ చేయడం అంటారు. కొండంత వీడియో జేబులో పట్టేది అందువల్లనే.

ఆ టూలుకు బటన్లూ బొమ్మలూ ఉండవు. నల్లటి స్క్రీను, అందులో రెప్ప కొట్టే ఒక చిన్న గీత. ఏ వీడియో తీసుకోవాలో, ఎంత నాణ్యత కావాలో, తయారైనదాన్ని ఎక్కడ పెట్టాలో ఒకే వాక్యంగా టైపు చేయాలి. ఒక్క అక్షరం జారినా ముఖం తిప్పేసుకుంటుంది. సరిగ్గా రాస్తే అంకెలు పరుగెత్తించి, చివర్లో ఫైలు ఎంతకు తగ్గిందో చెబుతుంది. వాక్యం రాస్తే పని జరగడం! అందరూ బటన్లు నొక్కే ఈ రోజుల్లో నాకు ఆ నల్ల స్క్రీనంటే ఎందుకంత ఇష్టమో నీకు అర్థమవుతుందనుకుంటాను.

మాకు పరీక్ష వీడియోలు కొన్ని ఉన్నాయి. ఫౌంటెన్ నీళ్ళు, గాలికి ఊగే గడ్డి, కూడలిలో జనం, సైకిలు పందెం, కెమెరా ముందు కూర్చుని మాట్లాడే మనిషి. ప్రతిదాన్నీ రకరకాల నాణ్యతల్లో ఎన్‌కోడ్ చేసి, ఏది ఎంతకు తగ్గిందో పట్టిక వేయడం నా పని. వీటికి ఒక మడి ఉంది. పరీక్షకు పెట్టే వీడియో కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలి. ఇదివరకే ఒకసారి కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే లెక్కలు తప్పుతాయి. అలాంటిదాన్ని మా వాళ్ళు "ఎంగిలి వీడియో" అంటారు. ఫోన్లో తీసిన ప్రతిదీ ఎంగిలే, ఎందుకంటే ఫోను తీస్తూనే కుదించేస్తుంది. ఎంగిలి వీడియో ల్యాబులోకి తేవడమంటే చెప్పులతో వంటింట్లోకి రావడమే.

తెచ్చాను. అదీ నీది.

మాట్లాడే మనిషి వీడియో ఉన్న డిస్కు మొరాయించింది. కొత్త కాపీ వచ్చేదాకా ఆగమంది మా ల్యాబు నడిపే మేడమ్. ఈలోగా నేను అన్ని వీడియోలనూ ఒకే ఆజ్ఞతో వరసగా ఎన్‌కోడ్ చేసే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. దాన్ని ప్రయత్నించి చూడాలని చెయ్యి దురద. కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. నీకంటే బాగా కూర్చుని మాట్లాడేవాళ్ళు నాకెవరు దొరుకుతారు? నువ్వు ఆదివారాలు పంపే వీడియోల్లోంచి ఎండాకాలానికి ముందుది ఒకటి, మొన్నటిది ఒకటి తీశాను. రెంటిలోనూ అదే బల్ల, అదే గోడ, అదే కిటికీ వెలుతురు. ఫోను ఆనించే డబ్బా కూడా అదే. ఒకే పొడవుకు కత్తిరించి, ఒకే నాణ్యత ఇచ్చి వదిలాను. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి.

కొత్తది పాతదానిలో సగానికి వచ్చింది.

మొదట నా ప్రోగ్రామునే అనుమానించాను. వరస మార్చి పెట్టాను, విడివిడిగా చేతితో టైపు చేసి చూశాను. అదే సగం. ఫౌంటెన్, గడ్డి మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ముందురోజు సాయంత్రం పిసినారి నా మెషీన్ ముందు కూర్చున్నాడు. "సెట్టింగులు ఒకసారి చూసుకుని లేస్తా" అన్నాడు. అతని పరిశోధన అంతా మాట్లాడే మనుషుల వీడియోల మీదే. అవి ఎంత చిన్నగా వస్తే అతనికి అంత పేరు. ఎవరూ గమనించకుండా నాణ్యత తగ్గించే కిటుకు ఏదో పెట్టి, దాన్ని నా పట్టికలోంచి నా పేరుతో బయటికి పంపాలనుకున్నాడా?

ఒకసారి అనుమానం మొదలయ్యాక అన్నీ దానికే సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాయి. నేను వెళ్తే ల్యాప్‌టాప్ మూసేశాడు. మేడమ్‌తో గుసగుసలాడాడు. అన్నిటికంటే ఘోరం, అడగకుండానే నాకు టీ ఇప్పించాడు. పిసినారి టీ ఇప్పించడం! ఆ టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను గానీ తాగలేదు.

గదిలో పిల్లకు చెప్పాను.

"నీకు గాలి వీచినా అనుమానమే. మొన్న దువ్వెన పోతే నన్నే అడిగావు" అంది.

"దొరికింది నీ మంచం కిందేగా?"

"అక్కడ పారేసింది నువ్వేగా!"

దానితో లాభం లేదని నేరుగా వెళ్ళి పిసినారి కుర్చీ పక్కన నిలబడ్డాను.

"అన్నా, మొన్న నా మెషీన్లో ఏం మార్చావు?"

"ఏం మార్చలేదు. చూశానంతే."

"చూస్తేనే సగానికి తగ్గుతుందా?"

"ఏంటి తగ్గింది?"

"మాట్లాడే మనిషి."

"ఆ డిస్కు పోయిందిగా. నీకు మాట్లాడే మనిషి ఎక్కడ దొరికింది?"

అంతదాకా పోలీసులా వెళ్ళినదాన్ని దొంగలా నిలబడ్డాను.

"మా అమ్మ" అన్నాను.

"అమ్మగారా? ఏ కెమెరాతో తీశారు?"

"ఫోన్‌తో."

అతను కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఎంగిలి! ల్యాబంతా ఎంగిలి చేసి, పైగా నా మీద దొంగతనం అంటగడుతున్నావా తల్లీ?"

"రెండూ ఎంగిలే. రెండూ ఒకే ఫోను ఎంగిలి. మరి ఒకటే ఎందుకు తగ్గింది? దబాయించకుండా దానికి చెప్పు."

"అది మాత్రం మంచి ప్రశ్నే" అన్నాడు. "నా మీద అనుమానం అన్నావు కాబట్టి నన్నేదీ ముట్టుకోనివ్వకు. నువ్వే టైపు చెయ్యి. నేను చేతులు కట్టుకుని కూర్చుంటా."

నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతను చెప్పినట్టు టూలును మళ్ళీ కొత్తగా తెచ్చి పెట్టాను. అతని వేలు పడని మెషీన్లో, ఏ సెట్టింగూ మార్చకుండా, రెండు వీడియోలనూ ఎన్‌కోడ్ చేశాను. అదే సగం. అతను నిర్దోషి అని తేలిపోయింది. సిగ్గేసింది, కానీ అడగాల్సింది ఇంకొకటి మిగిలింది కదా, అడిగేశాను.

"మరి టీ ఎందుకు ఇప్పించావు?"

"పెళ్ళి కుదిరిందే పిచ్చిమొహమా! అందరికీ ఇప్పించాను. నువ్వొక్కదానివే తాగలేదు."

నీకు చూపిస్తానన్న రుజువు ఇదేనమ్మా. ఇక అతని సంగతి వదిలెయ్యి.

"బిట్లు ఎక్కడ ఖర్చయ్యాయో చూద్దాం పద" అన్నాడు. దానికి ఒక పద్ధతి ఉంది. వీడియో మీద చిన్న చిన్న గళ్ళు గీసి, మార్పు రాసుకున్న గడికి ఎరుపు, "మామూలే" అని వదిలేసిన గడికి నీలం పూసి చూపిస్తుంది. గోడ మీది పెద్ద తెరపై రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టాను. మేడమ్ కూడా కాఫీ కప్పుతో వచ్చి మా వెనక నిలబడింది.

పాతదాంట్లో నువ్వు నిప్పులా ఉన్నావు. ముఖం ఎరుపు, రెండు చేతులూ ఎరుపు, చేతులు తిరిగినచోటల్లా ఎరుపు. గోడా బల్లా మాత్రం నీలం. "మీ అమ్మగారు నోటితో కంటే చేతులతో ఎక్కువ మాట్లాడతారనుకుంటా" అని మేడమ్ నవ్వింది. నాకు గర్వంగా అనిపించింది.

కొత్తదాంట్లో ముఖం ఎరుపు. కుడి చెయ్యి ఎరుపు. గోడ నీలం, బల్ల నీలం, బల్ల మీద కప్పు నీలం. కప్పు పక్కన ఇంకేదో కూడా నీలంగా ఉంది.

"ఆ కప్పు పక్కన ఉన్నదేంటి?" అన్నాడు పిసినారి. "గ్లౌజా? మడతపెట్టిన రుమాలా?"

రంగులు తీసేసి మామూలు వీడియో పెట్టాను.

అది నీ ఎడమ చెయ్యి.

ఎంగిలి సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. "చలికి అలా పెట్టుకుని ఉంటారులే" అన్నాడు పిసినారి, తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు. అప్పుడు నేను నువ్వు ఇటీవల పంపినవన్నీ ఒక్కొక్కటిగా తెరిచాను. అతనూ నా పక్కన కూర్చుని చూశాడు. నువ్వు పిల్లి గురించి చెబుతున్నావు, మన ఇంటి ఓనరమ్మ కుళాయి గొడవ చెబుతున్నావు, నవ్వుతున్నావు, కుడి చేత్తో గాల్లో బొమ్మలు గీస్తున్నావు. ఎడమ చెయ్యి మాత్రం ఆ కప్పు పక్కనే. ఆ టూలుకు కప్పుకూ నీ చేతికీ తేడా తెలియలేదమ్మా. రెండిటికీ "మామూలే" అని రాసేసింది.

ఒక్క వీడియోలో మాత్రం ఆ గళ్ళు ఎరుపెక్కాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. రంగులు తీసి చూశాను. నీ కుడి చెయ్యి వచ్చి, ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఎండ పడనిచోటికి జరిపి, తన పని అయిపోయినట్టు వెళ్ళిపోయింది. నీ మాట ఆగలేదు. నీ నవ్వు ఆగలేదు. ఆ వీడియో నాకు వచ్చినరోజే చూశాను, పిల్లి కథకు పడిపడి నవ్వాను. నా కళ్ళు నీ ముఖం మీదే ఉన్నాయి. నువ్వు కోరుకున్నది కూడా అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత నువ్వు చెప్పినవన్నీ వరసగా వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి. నడుము దాకా ఉన్న జడ కత్తిరించేసుకున్నావు. "బరువు తగ్గింది, హాయిగా ఉంది" అన్నావు. జడ అల్లుకోవడానికి రెండు చేతులు కావాలి. బొత్తాలు లేని వదులు బట్టలే వేసుకుంటున్నావు. "కొత్త ఫ్యాషను" అన్నావు. నువ్వు ఎప్పుడు ఫ్యాషను పట్టించుకున్నావని! కుట్టు బల్ల నుంచి పేజీల వరస సరిచూసే బల్లకు మార్చారని, అది పెద్ద హోదా అని రాశావు. నేను గదిలో పిల్లకు స్వీట్లు కూడా పంచాను. ఇక సెలవులకు వస్తానంటే "ఇంటికి సున్నం వేస్తున్నారు, వద్దు" అన్నావు. తర్వాత "ఇంటి ఓనరమ్మ చుట్టాలు దిగారు, వద్దు" అన్నావు. ఆ తర్వాత "ప్రాజెక్టు ముఖ్యం, అసలే వద్దు" అన్నావు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎంత మామూలు మాట! అన్నీ ఒకచోట పెడితే అన్నిట్లోనూ ఆ ఎడమ చెయ్యే.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని చెబుతాను. తిట్టుకో.

మీ ప్రెస్సుకు ఫోన్ చేశాను. గొంతు కాస్త లావు చేసుకుని మాట్లాడాను. మీ బైండింగు మేస్త్రీగారే ఎత్తారు.

"ప్రాజెక్టు రిపోర్టు బైండు చేయించాలండీ. మీ దగ్గర చేతికుట్టు బాగా వేసే ఆవిడ ఉన్నారట కదా?"

"ఉన్నారమ్మా. కానీ ఇప్పుడు ఆవిడ కుట్టడం లేదు."

"అయ్యో, మానేశారా?"

"మానెయ్యడమేంటి! ఆవిడ కుట్టు విప్పాలంటే పుస్తకం చింపాల్సిందే, అలాంటి చెయ్యి అది. కాస్త బాగయ్యాక..." అని ఆగిపోయారు. "అవునూ, ఎవరమ్మా మాట్లాడేది?"

"కస్టమర్నండీ."

"కస్టమరుకు ఆవిడ గొంతు ఎలా వచ్చింది? నువ్వు కూతురివి కదూ?"

ఫోను పెట్టేశాను. కాసేపయ్యాక నేనే మళ్ళీ చేసి, అవునండీ కూతుర్నే అన్నాను. ఏమైందండీ అని అడిగాను.

"నాతో ఒట్టేయించుకుంది తల్లీ. నన్నడక్కు. వచ్చి చూసుకో."

ఆయన్ని ఏమీ అనకమ్మా. ఒట్టు తప్పలేదు. ఏమైందో, ఎప్పుడైందో, ఏ మందులు వాడుతున్నావో, ఏదీ చెప్పలేదు.

నువ్వు ఎందుకు దాచావో ఆలోచించడానికి నాకు పెద్దగా సమయం పట్టలేదు. పోయినేడు నీకు జ్వరం వస్తే పరీక్ష వదిలేసి వచ్చి నీ మంచం పక్కన కూర్చున్నాను. అప్పుడు నువ్వు సంతోషపడలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నావు. ఈసారి తెలిస్తే చదువే మానేసి వస్తానని నీ భయం. నా చదువు కాపాడాలని ఒక చేత్తో జుట్టు దువ్వుకుంటూ, ఒక చేత్తో గిన్నెలు తోముకుంటూ, ఆదివారం వచ్చేసరికి డబ్బాకు ఫోను ఆనించి నవ్వుతూ కూర్చున్నావు. నాకు కోపంగా ఉందమ్మా. నీ మీదా, నా కళ్ళ మీదా.

పై పేజీలన్నీ హాస్టల్లో రాశాను. పోస్టు చేద్దామనే రాశాను. కవరు పట్టుకుని పోస్టు డబ్బా దాకా వెళ్ళి, అందులో వేయబోయి ఆగిపోయాను. పోస్టులో వేస్తే ఈ ఉత్తరం నీకు చేరుతుంది, నువ్వు తీరిగ్గా కూర్చుని ఒక మంచి జవాబు కుడతావు. నీ కుట్టు సంగతి నాకు తెలుసు, ఎక్కడా దారం కనిపించదు.

అందుకే డబ్బా దగ్గర నుంచి నేరుగా ల్యాబుకు వెళ్ళాను. మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ప్రాజెక్టు సంగతి ఏమిటని అడిగాను. ఆవిడ నావైపు వింతగా చూసింది. "నువ్వు వాడేది నల్ల స్క్రీనే కదా? దానికి నువ్వెక్కడ కూర్చున్నావో ఏం తెలుసు?" అంది. నిజమే! ఇక్కడి మెషీన్‌కు ఎక్కడి నుంచైనా వాక్యం రాసి పంపొచ్చు. వీడియోలు ఇక్కడే ఉంటాయి, ఎన్‌కోడ్ ఇక్కడే అవుతుంది, అంకెలు మాత్రం నా దగ్గరికి వస్తాయి. బటన్లున్న టూలయితే ఈ వెసులుబాటు ఇంత తేలిగ్గా దొరికేది కాదు. పిసినారి అప్పటికే తన పాత ల్యాప్‌టాప్‌లో అన్నీ సర్దిపెట్టి నా చేతికిచ్చాడు. "తెచ్చివ్వడానికి తొందరేం లేదు" అన్నాడు. అతని నోట ఆ మాట వచ్చిందంటే నువ్వు నమ్మాలి.

కాబట్టి నేను చదువు మానలేదు. మానను కూడా. నీ బల్ల మీద ఒక మూల నాకు కావాలి, అంతే. పొద్దున నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, వచ్చాక టైపు చేసుకుంటాను. ఆ చేతికి ఏం వ్యాయామం చెప్పారో నాకు తెలియదు, చెప్పారో లేదో కూడా తెలియదు. అవన్నీ నీ నోటితోనే వినాలి. ఈసారి వీడియోలో కాదు.

ఈ ఆఖరి కాగితం మన ఊరి బస్టాండులో కూర్చుని రాస్తున్నాను.

కవరు మీద స్టాంపు లేదని నువ్వు ఈపాటికే గమనించి ఉంటావు. నాకు ఈ అనుమానపు బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదా! ఉత్తరాన్ని మేస్త్రీగారి చేతికిచ్చి, మిగతా తపాలాతో పాటు నీ బల్ల మీద పెట్టమంటాను. నేను ముందే ఎదురుగా వస్తే నువ్వు గబుక్కున శాలువా కప్పేసుకుని, నిండా నవ్వి, ఏదో ఒకటి చెప్పేస్తావు. నేనూ నమ్మినట్టు నటించాల్సి వస్తుంది. ఇదంతా చదివేశాక మనిద్దరికీ ఆ శ్రమ ఉండదు.

కవరు అంటించలేదు. కాగితాలు కూడా మడవకుండా పెద్ద కవర్లో పెట్టాను. మడిస్తే విప్పడానికి ఇంకో చెయ్యి కావాలి కదా. పేజీ తిప్పేటప్పుడు జారిపోకుండా పైన ఒక క్లిప్పు పెట్టాను.

నేను బైండింగు గది బయట, కాగితం రీముల పక్కనున్న బెంచీ మీద కూర్చుని ఉంటాను. నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు తీసుకో. ఏడుపొస్తే ఏడువు, కోపమొస్తే మేస్త్రీగారి మీద అరిచెయ్యి, ఆయన ఏమీ అనుకోరు. తర్వాత ఒక్క కేక వెయ్యి.

లేచి రాకు. తలుపు నేను తీస్తాను.

ఇట్లు,
నీ గొంతు అరువు తెచ్చుకున్న
నీ కూతురు